అసిరమ్మ నడుంనొప్పిని విన్న కొడుకులు

జీడివలసలో సింహాద్రి, పోలిరాజు అని అన్నదమ్ములిద్దరు. ఊళ్ళో తెలివంటూ ఉంటే అది తమ గడప లోపలే ఉందని ఇద్దరికీ గట్టి నమ్మకం. దాన్ని ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని పట్టపగలు కూడా తలుపు గడియ వేసుకునేవాళ్ళు. వాళ్ళమ్మ అసిరమ్మకి పాపం ఏళ్ళ తరబడి నడుంనొప్పి. కూర్చుంటే లేవలేదు, లేస్తే కూర్చోలేదు. ఆవిడ కోరికల్లా ఒక్కటే. తన నొప్పి సంగతి మొదటినుంచి చివరిదాకా ఒక్క డాక్టరైనా విని పుణ్యం కట్టుకోవాలి.

ముందు టౌన్లో పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఆవిడ కుర్చీలో ఇంకా సర్దుకోనేలేదు, ఆయన మందులు రాసి చేతిలో పెట్టేశాడు. బయటికొచ్చి అసిరమ్మ కళ్ళొత్తుకుంటూ, ఆయన నా మాట ఒక్కటీ వినలేదురా అంది. అయితే గొంతు చాలలేదన్నమాట అన్నాడు సింహాద్రి. అంతే, పోలిరాజు పరుగున పోయి పెళ్ళిళ్ళకి అద్దెకిచ్చే మైకుసెట్టు తెచ్చాడు. ఆస్పత్రి గుమ్మానికి అటొకటి ఇటొకటి స్పీకర్లు కట్టి, అమ్మ చేతికి మైకిచ్చారు. నా నడుం అని ఆవిడ మొదలెట్టేసరికి వీధి వీధంతా వచ్చి నిలబడింది. బజ్జీలబండి అతను నూనె పొయ్యి మీదే వదిలేసి వచ్చి మరీ విన్నాడు. ఊరంతా విన్నారు గానీ డాక్టరొక్కడే వినలేదు. కిటికీలు మూసుకుని, కాంపౌండరు చేత వీళ్ళని తరిమించాడు.

అసిరమ్మకి ఒళ్ళు మండిపోయింది. ఇక నేను ఏ డాక్టరు దగ్గరికీ రాను, కావాలంటే మీరే పోయి నా నొప్పి చెప్పుకోండి అంది. ఇంకేముంది, అమ్మ మాటలు పొల్లుపోకుండా బట్టీపట్టి ఇద్దరూ ఇంకో డాక్టరు దగ్గరికి పోయారు. సింహాద్రి మీసం దువ్వుకుని కూర్చున్నాడు.

"రెండో కాన్పు అయిన కాణ్ణించీ నాకు నడుం పట్టేస్తోందండి," అన్నాడు.

ఆ మహానుభావుడు తలెత్తి చూస్తేగా! ఊఁ అంటూ ఓ ఇంజెక్షను పొడిచాడు. ఆ రెండో కాన్పుని నేనేనండి అని పోలిరాజు చేతులు కట్టుకుని చెబితే, అతనికీ ఒకటి పొడిచాడు. ఇద్దరూ కుంటుకుంటూ ఇంటికొచ్చి, తగ్గిందా అమ్మా అనడిగారు. తగ్గలేదంది. చెరో ఇంజెక్షనూ చేయించుకున్నా అమ్మకి తగ్గలేదంటే అది కల్తీ మందే అయి ఉంటుందని తేల్చేశారు.

చివరికి ఎదురింటి గురువులమ్మ చూడలేక, పక్క ఊళ్ళో ఒక డాక్టరమ్మ ఉంది, మనిషి చెప్పేది అంతా వింటుందని చెప్పింది. అసిరమ్మ ఆశ లేకుండానే బయల్దేరింది.

డాక్టరమ్మ కలం పక్కన పెట్టి, కుర్చీ దగ్గరికి జరుపుకుంది. నొప్పి ఎప్పుడు మొదలైంది, ఏ పని చేస్తే ఎక్కువవుతుంది, నిద్ర పడుతోందా అని నెమ్మదిగా అడిగింది. మధ్యలో పోలిరాజు అందుకోబోతే, నొప్పి మీ అమ్మది, ఆవిణ్ణి చెప్పనివ్వు అని కసిరింది. అసిరమ్మ అంతా చెప్పింది.

"ఇది ఒక్కరోజులో పోయే నొప్పి కాదు పెద్దమ్మా. కానీ నువ్వు చెప్పేది నిజమని నాకు తెలుసు," అంది డాక్టరమ్మ.

అసిరమ్మ బోరుమని ఏడ్చేసింది. ఇన్నేళ్ళకి తన మాట నమ్మిన మనిషి దొరికింది మరి.

మాత్రలిచ్చి, కాపడం ఎలా పెట్టాలో చూపించి, డాక్టరమ్మ కొడుకులిద్దర్నీ పిలిచింది. బరువులెత్తనివ్వొద్దు, గతుకుల రోడ్ల మీద తిప్పొద్దు అంది. రోజూ సాయంత్రం అమ్మ పక్కన కూర్చుని ఆవిడ నొప్పి సంగతి వినండి, మానొద్దు అని కూడా చెప్పింది.

వాళ్ళు మానలేదు. రోజూ చాప వేసుకుని కూర్చుని విన్నారు. అసిరమ్మ మొహం తేటపడింది. కొన్నాళ్ళకి ఒక సాయంత్రం ఆవిడ హాయిగా కాళ్ళు చాపుకుని, ఇవాళ నొప్పి లేదురా నాయనా, చెప్పడానికేం లేదు అంది.

ఇద్దరికీ గుండెల్లో రాయి పడింది. నొప్పి లేకపోతే ఏం వినేది? వినకపోతే డాక్టరమ్మకి ఏం జవాబు చెప్పేది? అమ్మకి మళ్ళీ మొదటికొస్తే ఎవరిది బాధ్యత? సింహాద్రి బుర్ర గోక్కుని గోక్కుని, గతుకుల రోడ్డు మీద తిప్పితే నొప్పి వస్తుందని డాక్టరమ్మే చెప్పింది కదరా అన్నాడు. అంతే. అమ్మని ట్రాక్టరు తొట్టిలో కూర్చోబెట్టి రాళ్ళ క్వారీ రోడ్డు పట్టించారు. వద్దురా అని ఆవిడ ఎంత మొత్తుకున్నా ఆపలేదు. అబ్బా నా నడుం అన్నాక అప్పుడు ఆపారు. ఇద్దరూ కిందికి దూకి, దుమ్ములోనే బాసింపట్టు వేసుకుని చేతులు కట్టుకున్నారు.

"ఇప్పుడు చెప్పమ్మా, వింటాం," అన్నాడు సింహాద్రి.

అసిరమ్మ చెప్పింది. నడుం గురించి కాదు, వీళ్ళ గురించి. వీళ్ళు పుట్టిన గడియతో మొదలుపెట్టి, వీళ్ళ బుర్రల్నీ, వీళ్ళని కన్న తన ఖర్మనీ, దారిన పోయేవాళ్ళు చెవులు మూసుకునేలా పొద్దుగూకేదాకా తిట్టిపోసింది. ఇద్దరూ ఒక్క ముక్క పోకుండా తలూపుతూ విన్నారు. అంతా అయ్యాక పోలిరాజు తృప్తిగా లేచి బట్టలు దులుపుకున్నాడు.

"ఇన్నాళ్ళూ అమ్మ మొహమాటపడిందన్నయ్యా. ఇవాళే మనసు విప్పి చెప్పింది. రేపట్నించి ఈ రోడ్డుకే తీసుకొద్దాం," అన్నాడు.