పేరిందేవి అడిగిన పొయ్యిగట్టు

వికారి నామ సంవత్సరం, ఆషాఢ శుద్ధ నవమి. తెల్లవారినప్పటి నుంచీ ముసురు.

దివాణంలో పొడుగాటి వంటమనిషి పేరిందేవి ఇరవై ఏళ్లుగా అడుగుతున్నదే మళ్లీ అడిగింది. "పొయ్యిగట్టు మోకాళ్లెత్తున ఉంది దొరా, కాస్త ఎత్తించండి. నడుము విరుగుతోంది."

"మా తాతగారు కట్టించిందే అది! వంగితే వినయం అబ్బుతుంది," అన్నాడు ఆమెకన్నా పొడుగైన దొర. ఆ తాతగారు పొట్టి, అది వేరే కథ.

"అయితే ఈ పాలు కోవా అయ్యేదాకా తమరే గరిటె తిప్పండి. తిప్పగలిగితే ఇంకెప్పుడూ అడగను."

"ఓస్, ఇంతేనా!" అని దొర గరిటె అందుకున్నాడు. పాలు సగమైనా ఇగరకముందే నడుము పట్టుకుని, "తాపీవాణ్ణి పిలవండిరా!" అని కేకపెట్టాడు.

వానలు వెలిశాక గట్టు బొడ్డెత్తుకు లేచింది. పేరిందేవి నడుము మాత్రం ఇరవై ఏళ్ల వంపు నుంచి లేవలేదు. గట్టు మీది గిన్నె ఆమెకు అందలేదు.

దొర పోయాక దివాణం కొడుక్కి వచ్చింది, ఎత్తు గట్టు పొడుగాటి కొత్త వంటమనిషికి దక్కింది. పేరిందేవికి ఏమీ రాలేదు.