ఆరు తాళాల తోడు

ఒక రాజుగారికి పెరుగన్నం తినందే పొద్దు గడిచేది కాదు. ఆ పెరుగు తోడు ఆయన ముత్తవ్వ కాపురానికొస్తూ పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. నిన్నటి పెరుగులోంచి చెంచాడు తీసి నేటి పాలలో వేస్తూ నాలుగు తరాలుగా ఆ రుచిని నిలుపుకున్నారు.

వంటపెద్దకు ఆ తోడంటే ప్రాణం. ఎప్పుడైనా పాడైతే ఎలాగని ఆరు గిన్నెల్లో తీసి, ఆరు పెట్టెల్లో పెట్టి, ఆరు తాళాలు వేశాడు. పెట్టెలన్నీ పొయ్యి పక్క అరమీదే ఉండేవి. వచ్చినవాళ్ళందరికీ తాళాలు చూపించి మురిసిపోయేవాడు. తెరిచి చూసిన పాపాన మాత్రం పోలేదు.

రోజూ పాలు పోసే అవ్వ, ఖాళీ చెంబులో కాస్త తోడు వేయించుకుని ఏరు దాటి ఇంటికెళ్ళేది. ఒకనాడు వంటపెద్ద కంట పడింది. రాచ తోడు ఊరి మీద పడిపోతుందని మండిపడి, ఇకమీదట పాలు గుమ్మం బయటే పోసి పొమ్మన్నాడు. అవ్వ నవ్వి చెంబు తీసుకుని వెళ్ళింది.

మర్నాడే కోటకు చుట్టాలొచ్చారు. వాళ్ళకు తాళాల గొప్ప చెబుతూ వంటపెద్ద, ఉన్న తోడంతా కాగుతున్న పాలలో పోసేశాడు. పాలు విరిగిపోయాయి. ఏం ఫరవాలేదంటూ పెట్టెలు తెరిచాడు. మొదటి గిన్నెలో బూజు, రెండోదాంట్లో పురుగు. మిగతా నాలుగూ ఎండి పెచ్చులు కట్టాయి.

రేపటి కంచంలో ఆ రుచి లేకపోతే గరిటె ఇంకొకరికి ఇస్తానన్నారు రాజుగారు. వంటపెద్దకు గరిటె పోతుందన్న దిగులు కన్నా, నాలుగు తరాల రుచి తన చేతిలో పోయిందన్న ఏడుపే ఎక్కువైంది. సిగ్గు చంపుకుని ఏరు దాటాడు.

ఖాళీ గిన్నెతో గుమ్మంలో నిలబడి, పాలు విరిగిపోయాయన్నాడు. అవ్వ అడిగించుకోలేదు. కుండ తెచ్చి ముందు పెట్టింది.

"మీ తోడే బాబూ. నేను దాచలేదు, రోజూ వాడుకున్నాను. ఈ వీధిలో ఇంటింటా ఉంది."

మర్నాడు రాజుగారు మారు వడ్డించుకున్నారు.

నెల తిరిగేసరికి వంటపెద్ద మళ్ళీ ఖాళీ గిన్నెతో వచ్చాడు.

"మళ్ళీ విరగ్గొట్టావా నాయనా?" అంది అవ్వ.

"లేదవ్వా. మా కుండ నిండుగానే ఉంది. ఇవాళ మాత్రం నీ తోడుతోనే రాజుగారికి పెరుగు పెడతాను. అవసరం పడకముందే తోడుకుంటుందో లేదో చూసుకోవాలిగా."

అవ్వ గిన్నె నింపింది. అతను వెళ్తూ వెళ్తూ ఆగి, పక్కింటి వాళ్ళు పొద్దున్నే ఎన్నింటికి లేస్తారని అడిగాడు. వచ్చే నెల వాళ్ళ తలుపు తడతాడట.