బొల్లమ్మకు మేత మోసిన నక్క

ఏనుగురాళ్ల గుట్ట మీద చెట్ల కంటే బండలే ఎక్కువ. ఆ బండల్లో నిట్టనిలువుగా లేచిన ఒకదాని నెత్తిన, రెండు రాళ్లు ఒకదానికొకటి ఆనుకుని చిన్న గూడులా ఏర్పడ్డాయి. గూడు ముందు వాననీళ్లు నిలిచే గుంట. బొల్లమ్మ అనే ముసలి మేక కాపురం అక్కడే. ఆ బండ ఎక్కడం మేకలకు తప్ప ఇంకెవరికీ చేతకాదు.

బొల్లమ్మకు వయసు మీదపడింది. పొద్దున్న లేస్తే మోకాళ్లు పట్టేసేవి. కాసేపు అటూ ఇటూ తిరిగితే గానీ సాగేవి కావు. అయినా రోజూ బండ దిగేది. లోయలో రేగు చెట్ల దగ్గర మేసేది, వాగులో నీళ్లు తాగేది, దారిలో కనబడిన ప్రతి ఉడుతనూ, ప్రతి పిట్టనూ ఆగి పలకరించేది, ఎండ ముదిరేలోగా గూడు చేరేది.

గుంటయ్య అనే నక్కకు ఎప్పటినుంచో ఆమె మీద కన్ను. కానీ వాడూ ముసలివాడే. వెనకకాలు కుంటు. నాలుగంగలు పరిగెత్తితే నాలుక వేలాడేసేవాడు. బొల్లమ్మను తరిమిన ప్రతిసారీ ఆమె బండెక్కి కూర్చునేది, వాడు కింద కూర్చుని ఆయాసం తీర్చుకునేవాడు.

ఆ ఏడు వానలు గట్టిగా పడ్డాయి. బండంతా పాచి పట్టింది. ఒకరోజు బొల్లమ్మ తడబడుతూ దిగుతుంటే గుంటయ్య దూరం నుంచే పలకరించాడు.

"అత్తా, బాగున్నావా?"

"నువ్వు అడిగేదాకా బాగానే ఉన్నాను అల్లుడూ. ఇప్పుడే భయమేస్తోంది."

"నీకెప్పుడూ వేళాకోళమే. నిన్ను తరిమే వయసా నాది? పళ్లన్నీ కదులుతున్నాయి. చేసిన పాపాలు చాలు, ఒక పెద్దప్రాణానికి సేవ చేసుకుని పోదామనిపిస్తోంది."

"ఇంత అడవిలో నీ సేవకు నేనే దొరికానా?"

"ఈ వానలో నువ్వు జారుతుంటే చూడలేకపోతున్నాను. రేపటినుంచి నీ మేత నేనే తెచ్చి బండ కింద పెడతాను. పెట్టేసి అదుగో, ఆ గండి అవతలికి వెళ్లి కూర్చుంటాను. నువ్వు దిగి తిను, ఎక్కి పడుకో. నన్ను నమ్మొద్దత్తా. మేతను నమ్ము."

మరునాడు అన్నట్టే లేత రేగు కొమ్మలు నోట కరుచుకొచ్చి బండ కింద పెట్టాడు. కుంటుకుంటూ గండిలోకి దిగి, ఆపసోపాలు పడుతూ అవతలికి ఎక్కి కూర్చున్నాడు. బొల్లమ్మ ఆకులు వాసన చూసింది. మంచివే. ఒక కన్ను మేత మీద, ఒక కన్ను నక్క మీద పెట్టి తింది. వాడు కదల్లేదు. ఆ మర్నాడూ కదల్లేదు.

పొరుగున బండసందులో ఉండే ముళ్లపంది ఈరమ్మ బుగ్గలు నొక్కుకుంది. "ఎంత అదృష్టవంతురాలివే వదినా! కూర్చున్నచోటికి మేత. నీళ్లా, గూటి ముందే ఉన్నాయి. ఇంకేం కావాలి ఎవరికైనా?"

"వానలు తగ్గేదాకేలే," అంది బొల్లమ్మ.

వానలు తగ్గాయి. బండ మీద పాచి ఎండి పొడిగా రాలిపోయింది. కానీ బొల్లమ్మకు లోయకు వెళ్లాలంటే బద్ధకంగా ఉండేది. రేపు వెళ్దాంలే అనుకునేది. రేపు వచ్చేసరికి మేత వచ్చేసేది. పగలంతా కునుకు పట్టేది, రాత్రి నిద్ర పట్టేది కాదు. ఆకలి తగ్గింది. వాగు దగ్గర ఏ పిట్ట గూడు కట్టిందో, ఎవరి పిల్లలు కళ్లు తెరిచాయో ఏమీ తెలియలేదు. ఎవరైనా కింద నుంచి పిలిస్తే తొంగిచూడటానికి కూడా చిరాకేసేది. 'ముసలితనం అంటే ఇదే కాబోలు' అని సరిపెట్టుకుంది.

గండి అవతల కూర్చుని గుంటయ్య చూసేది మేత తినడం కాదు. తిన్నాక ఆమె బండ ఎక్కడం. మొదట్లో గబగబా ఎక్కేది. తర్వాత మధ్యలో ఒకచోట ఆగేది. ఆ తర్వాత అడుగడుగుకూ ఆగడం మొదలుపెట్టింది. ఆమె ఆగిన ప్రతిసారీ వాడికి నోట్లో నీళ్లూరేవి.

చలి మొదలైన రోజుల్లో ఒక పొద్దున, మేత తిని బండెక్కుతుంటే బొల్లమ్మ ముందుకాళ్లు మడతపడ్డాయి. జారి కిందికొచ్చి మోకాళ్ల మీద పడింది.

"అయ్యో అత్తా!"

ఆ కేకకు తల తిప్పిందో లేదో, గుంటయ్య గండి అంచున లేచి, ఒక్క దూకుడులో ఇవతలికి వచ్చిపడ్డాడు. వాడి కళ్లలో జాలి లేదు. బొల్లమ్మ ఒక్క ఉదుటున లేచింది. ఎక్కడ కాలు పెట్టిందో, ఎలా పాకిందో ఆమెకే తెలియదు. బండ సగం దాకా ఎగబాకి, రాతి చీలికలో గిట్ట ఇరికించి నిలబడింది.

"లేవదీద్దామని వచ్చాను, అంతే," అన్నాడు గుంటయ్య మూతి నాక్కుంటూ.

"తెలుసులే అల్లుడూ. నువ్వు కాకపోతే ఎవరొస్తారు," అని పైకి చేరింది.

ఆ రోజంతా బొల్లమ్మకు నొప్పి కన్నా ఆ దూకుడే గుర్తుకొచ్చింది. వానాకాలంలో ఆ గండి దిగి ఎక్కడానికి ఆపసోపాలు పడినవాడు ఇప్పుడు ఎగిరి దూకాడు. కుంటు ఏమైంది? ఆయాసం ఏమైంది? వాడు తిన్న కొత్త మందేమీ లేదు. రోజూ లోయకు వెళ్లాడు, కొమ్మలు విరిచాడు, మోసుకుంటూ గుట్టెక్కాడు. తాను నడవాల్సిన నడకంతా వాడు నడిచాడు.

"ఈరమ్మా," అంది సాయంత్రం, "నాకు వచ్చింది ముసలితనం కాదే. అది ఎప్పుడో వచ్చింది, దాంతో కలిసే తిరిగాను. ఇది కూర్చోవడం వల్ల వచ్చింది."

"అయితే ఇప్పుడేం చేస్తావు?"

"లేస్తాను."

మర్నాడు గుంటయ్య రాగానే పైనుంచే మూలిగింది. "అల్లుడూ, కడుపులో ఒకటే మంట. రేగాకు పడటం లేదు. అవతలి గుట్ట మీద జువ్వి చెట్టు ఉందట. రోజూ ఆ ఆకు తెస్తావా? ఎక్కువ రోజులు నిన్ను శ్రమపెట్టనులే."

ఆ చివరి మాట వాడికి తేనెలా వినబడింది. "ఎంత మాట అత్తా!" అని బయల్దేరాడు. అవతలి గుట్టకు పోయి రావాలంటే పొద్దు వాలాల్సిందే.

వాడు కనుమరుగు కాగానే బొల్లమ్మ లేచి గుంట చుట్టూ తిరిగింది. అంతకే కాళ్లు కొయ్యబారాయి. కూర్చుంది. మళ్లీ లేచింది. మర్నాడు బండ సగం దాకా దిగి ఎక్కింది. ఆ తర్వాత పూర్తిగా దిగింది గానీ, ఎక్కలేక మధ్యలో నిలబడి ఏడ్చింది. కింద నుంచి ఈరమ్మ చూసి కళ్లొత్తుకుంది.

"ఈ వయసులో ఈ పాట్లు ఎందుకే వదినా?"

"ఈ వయసు కాబట్టే. చిన్నప్పుడైతే ఎన్నాళ్లు పడుకుని లేచినా కాళ్లలో సత్తువ అలాగే ఉండేది. ఇప్పుడలా కాదు. నాతోపాటు గండి దాకా రారాదూ? మాట్లాడుకుంటూ పోదాం."

ఈరమ్మ సణుగుతూనే వచ్చింది. గండి దాకా మొదలైన నడక రేగు చెట్ల దాకా సాగింది. కొన్నాళ్లకు వాగు దాకా వెళ్లారు. అక్కడి పిట్టలన్నీ ఒక్కసారిగా గోల చేశాయి, "పెద్దమ్మ వచ్చింది, పెద్దమ్మ వచ్చింది" అని. మోకాళ్ల నొప్పి పోలేదు. కానీ నొప్పి ఉన్నా కాలు మాట విన్నది. ఆకలి వేసింది. రాత్రిళ్లు ఒళ్లు తెలియని నిద్ర.

సాయంత్రాలు మాత్రం బొల్లమ్మ మంచి నాటకం ఆడేది. గుంటయ్య జువ్వాకు తెచ్చి గండి దాటి కూర్చోగానే దేక్కుంటూ దిగేది, రెండాకులు కొరికి ఆపేది, ఎక్కేటప్పుడు కావాలనే ఒకచోట జారేది.

"చాలా నీరసించావు అత్తా," అనేవాడు గుంటయ్య లొట్టలేస్తూ.

"ఇంకెన్నాళ్లులే అల్లుడూ."

ఒకరోజు గుంటయ్య ఇక ఆగలేకపోయాడు. ఇవాళ్టితో అత్త పని అయిపోవాలనుకున్నాడు. ఆ ఆత్రంలో జువ్వి చెట్టు దాకా ఎక్కడా ఆగకుండా పోయి, దొరికిన కొమ్మలు కరుచుకుని, అదే పరుగున వెనక్కి వచ్చాడు. లోయ అవతలి వాలు మీదికి చేరేసరికి పొద్దు ఇంకా నడినెత్తినే ఉంది. కిందికి చూస్తే వాగు ఒడ్డున, బండకు ఎంతో దూరంలో, బట్టబయట బొల్లమ్మ!

నోట్లో కొమ్మలు అక్కడే జారిపడ్డాయి. గుంటయ్య వాలు దిగి దూసుకొచ్చాడు.

"వదినా, నక్క!" అని అరిచి ఈరమ్మ ముళ్లు విప్పి ముడుచుకుంది.

బొల్లమ్మ పరుగందుకుంది. గుట్ట ఎక్కుడు మొదలైన చోట గుంటయ్య రొప్పు ఆమె వీపు మీద తగిలింది. తోక పట్టుకున్నాడు కూడా. నాలుగు వెంట్రుకలు నోట్లో మిగిలాయి. ఆమె మెత్తని దారి వదిలేసి రాళ్ల మీదుగా ఎక్కింది. అవతలి గుట్ట దాకా పరిగెత్తి వచ్చిన గుంటయ్య ఊపిరి అక్కడ తగ్గడం మొదలైంది. అయినా వదల్లేదు. గండి ఇద్దరూ ఒకేసారి దూకారు. ముందు బండ. బొల్లమ్మ కాళ్లు తెలిసిన చీలికల్ని వెతుక్కుంటూ పోయాయి. ఒక్కచోటా ఆగలేదు.

గుంటయ్య వెనకే ఎగిరాడు. బండ సగం దాకా వచ్చాడు కూడా. అక్కడ పంజాలకు పట్టు దొరకలేదు. గోళ్లు గీరుకుంటూ జారి, పక్కనున్న రేగు కంపలో వెల్లకిలా పడ్డాడు.

పైన ఒక రొప్పు, కింద ఒక రొప్పు.

"మోసం చేశావత్తా," అన్నాడు చివరికి, మూతిలో దిగిన ముల్లు పీక్కుంటూ. "వానాకాలం నుంచీ నీకు చాకిరీ చేశాను. ఒక్క ఎలుకనైనా కడుపునిండా తినలేదు, అంతా నీ కోసమే ఆశపడి."

"ఇప్పుడు పరిగెత్తిన పరుగుకు ఎలుక దొరక్కపోదు అల్లుడూ. పోయి పట్టుకో. నీ ఆకుల రుణం ఉంది నాకు, అందుకే చెబుతున్నాను. రేపు మాత్రం మేత తేవద్దు."

గుంటయ్య కంపలోంచి బయటపడి లోయలోకి దిగిపోయాడు. ఆ సాయంత్రం బొల్లమ్మ కాళ్లు లాగుతూనే ఉన్నాయి. మర్నాడు ఆలస్యంగా లేచింది, నెమ్మదిగా దిగింది, కానీ దిగింది.

ఎవరి సాయమైనా తీసుకోవచ్చు గానీ, మన కాళ్లు చేయగలిగిన పనిని మాత్రం ఇంకొకరి కాళ్లకు అప్పగించకూడదు.