నల్లబడని హస్తవాసి

మా మల్లవరం రాజు సర్వప్ప దేవరకు ఒకనాటి ఉదయం దువ్వెనలో గుప్పెడు వెంట్రుకలు కనిపించాయి. అంతే, రాజ్యంలో మిగతా పనులన్నీ ఆగిపోయాయి.

"నా జుట్టు నిలబెట్టినవాడికి కోరింది ఇస్తాను!" అని కొలువులో ప్రకటించాడు.

అందరూ నా తలవైపు చూశారు. నేను రాజుగారికి తాంబూలం అందించే చిట్టెన్నని. నా నెత్తి తోమిన రాగిచెంబులా ఉంటుంది. "జుట్టు మీద వైరాగ్యం పుట్టి వదిలేశాను" అని పదకొండేళ్లుగా గొప్పలు పోతున్నాను. నిజానికి అదే నన్ను వదిలేసింది.

ఆస్థాన వైద్యుడు గంగాధర భట్టు రాజుగారి తలకు నలభై రోజులు గుంటగలగరాకు తైలం పట్టించాడు. జుట్టు రాలడం ఆగింది. రాజు మురిసిపోయాడు.

"ఆకుదేముంది ప్రభూ, కాలువ గట్టున బోలెడు. మహిమంతా నా హస్తవాసిది. నలభై పొద్దులూ మంత్రం చదువుతూ ఈ చేత్తోనే పసరు పిండాను," అన్నాడు భట్టు. బహుమానంగా ఆ ఆకు పెరిగే కాలువ పల్లం మొత్తం ఇప్పించమన్నాడు.

ఆ పల్లాన్ని నమ్ముకుని బతికేది సింగమ్మ. ఊళ్లో ఎవరికి కామెర్లొచ్చినా పసరుకీ, తల నెరిస్తే తైలానికీ, నోరు చప్పబడితే పచ్చడాకుకీ ఆవిడ గుడిసెకే వెళ్లాలి. భట్టు కంచె వేశాడంటే ఆవిడ నోట్లో మట్టే. పైగా ఆ తైలం ఆవిడ కాచిందే! వాసన పట్టగానే తెలిసిపోయింది. ఎలా తెలిసిందో చెబితే నా వైరాగ్యం బండారం బయటపడుతుంది. నా పరువా, సింగమ్మ బతుకా అని రెండు తమలపాకులు చుట్టేంతసేపు తటపటాయించాను. సిగ్గుపడాల్సిన మాటే.

చివరికి గొంతు సవరించుకున్నాను.

"ప్రభూ, అంతటి చేతికి ముందు బంగారు కంకణం తొడగాలి. ఒక్క గుప్పెడు ఆకు మా కళ్లముందు కూడా పిండితే మా జన్మ తరిస్తుంది."

రాజుకు ఈ ముచ్చట నచ్చింది. కబురు పెడితే సింగమ్మ బుట్టెడు ఆకు తెచ్చింది. భట్టు మల్లెపువ్వులాంటి చెయ్యి చాపి, ఆకు నలిపి, మంత్రం అందుకున్నాడు. పచ్చటి పసరు వేళ్ల సందుల్లోంచి కారింది. మంత్రం ముగిసేసరికి చెయ్యి నల్లబడింది. కండువాకు తుడిచాడు. నీళ్లతో కడిగాడు. సున్నిపిండితో తోమాడు. ఊహూఁ.

"ఒక్క గుప్పెడుకే ఇంత నలుపైతే, నలభై రోజులు పిండిన చెయ్యి ఇందాకటిదాకా అంత తెల్లగా ఎలా ఉంది ప్రభూ?" అన్నాను.

సింగమ్మ చేతులు కొంగులో దాచుకోబోయింది. రాజు చూపించమన్నాడు. బొగ్గుల్లా ఉన్నాయి.

"నలభై దినాలూ భట్టుగారింటికి తైలం మోసింది నేనే దొరా," అంది బెదురుతూ.

"తాంబూలాలు చుట్టేవాడివి, తైలాల సంగతి నీకేం తెలుసు?" అని భట్టు నామీద ఎగిరాడు.

ఇక దాచి లాభం లేదు.

"పదకొండేళ్లుగా సింగమ్మ దొడ్డివైపు నుంచి వెళ్లి కొని రాసుకుంటున్నాను, భట్టుగారూ!"

కొలువంతా గొల్లుమంది. రాజు కళ్లు తుడుచుకుంటూ, "మరి నీకు మొలవలేదేంరా?" అన్నాడు.

సింగమ్మే అందుకుంది. "తమరికి ఇంకా మొక్కలున్నాయి దొరా, కాపాడుకున్నాం. ఈ బాబుది ఉత్త బండ. వద్దు బాబూ అంటే వినడు, వస్తానే ఉంటాడు."

రాజు ఆ నల్లటి చేతికే కంకణం తొడిగి, కాలువ పల్లం ఆవిడకే రాసిచ్చాడు. భట్టును నలభై రోజులు ఆవిడ దగ్గర ఆకు పిండమన్నాడు. నన్ను పిలిచి, నవ్వాపుకోలేక, తన బంగారు దువ్వెన నా చేతిలో పెట్టాడు.

నేను దాన్ని భద్రంగా నడుముకు దోపుకున్నాను.

"పనికొస్తుంది ప్రభూ. పన్నెండో ఏడు ఇప్పుడే మొదలైంది!"