పారసీలో వేసిన దండోరా

నవాబుల రోజుల్లో దూదేకుల సైదాబీ తన పేట ఆడపిల్లలకి ఖురాన్ చదివించి, ప్రతి వాక్యానికీ తెలుగులో అర్థం చెప్పేది. కొత్తగా వచ్చిన ఖాజీకి ఇది నచ్చలేదు.

"మీరు చదివితే చాలు, అర్థాలు మీకెందుకు?" అన్నాడు. పాఠం ఆపెయ్యాలని రోజంతా దండోరా వేయించాడు. సర్కారు హుకుం కాబట్టి, పేటలో ఎవరికీ రాని దర్బారు భాష పారసీలోనే వేయించాడు.

మర్నాడు వచ్చి చూస్తే పాఠం జోరుగా సాగుతోంది.

"హుకుం వినలేదా?"

"విన్నాం ఖాజీ సాబ్. కంఠతా కూడా పట్టాం" అంది సైదాబీ. పిల్లలంతా తప్పు లేకుండా అప్పజెప్పేశారు.

"మరి ఆపలేదేం?"

"చదివితే చాలన్నారుగా. అర్థం కూడా తెలియాలంటే, మీరే కాస్త తెలుగులో చెప్పండి."

చెప్పబోయి ఖాజీ ఆగిపోయాడు. తనూ ఇప్పుడు సైదాబీ పనే చెయ్యబోతున్నాడు. పకపకా నవ్వేసి, "కానియ్యమ్మా" అంటూ పిల్లల పక్కనే చాపమీద కూచున్నాడు.