మేయని గడ్డి

ఆ అడవి ఎంత పెద్దదంటే, పొద్దున్నే ఒక కొస నుంచి బయలుదేరిన కుందేలు రెండో కొసకు చేరేసరికి పొద్దు వాలిపోయేది. అందులో తొమ్మిది పేటలు. ఒక్కో పేటకు ఒక్కో పేరు, ఒక్కో పరువు. వాగు పక్క పల్లపు పేటలో వరాలు అనే కుందేలు మొగుడితో, నలుగురు పిల్లలతో కాపురముండేది. కిందటి వానాకాలం బొరియలోకి నీళ్లొచ్చేస్తే పిల్లల్ని వీపు మీద ఎక్కించుకుని నిలబడింది. మళ్లీ వానలు పడేలోగా ఇల్లు మారాల్సిందే.

"నువ్వెక్కడంటే అక్కడే," అన్నాడు మొగుడు. రేపు ఏదైనా తేడా వస్తే తన మీదకు రాకుండా అతను ఎప్పుడూ అలాగే అంటాడు.

వరాలు తోడికోడలు మాణిక్యం వెదురుపేటలో ఉంటుంది. దాని బొరియకు రెండు గుమ్మాలు. అత్తగారు వచ్చిందంటే నెల్లాళ్లు అక్కడే మకాం. వరాలు ఇంట్లో మాత్రం రెండు పూటలుండి, "మాణిక్యం ఇంట్లో గాలి బాగా తగులుతుందే," అంటూ లేచిపోతుంది. ఆ మాట గుర్తొస్తే చాలు, వరాలుకు నోట్లో గడ్డి చేదెక్కేది.

ఆ అడవిలో ఇళ్లు చూపించే పని జంబయ్య అనే నక్కది. తాను మాంసం మానేసి ఏడాదైందని, ఇప్పుడంతా రేగుపళ్లేనని కనిపించినవాళ్లందరికీ చెప్పుకునేవాడు.

"ఎలాంటి ఇల్లు కావాలమ్మా?" అని అడిగాడు.

"పిల్లలకు బాగుండాలి," అంది వరాలు. కాసేపాగి, "వెదురుపేట కన్నా బాగుండాలి," అంది.

ఆ రెండో మాటే అసలు మాటని జంబయ్యకు తెలిసిపోయింది. "వెదురుపేటలో ఏముందమ్మా? సందులు, గోల. నాతో రండి."

దారి వెదురుపేట పక్కనుంచే. చుట్టూ ముళ్ల వెదుళ్లు దట్టంగా అల్లుకుని ఉన్నాయి. జంబయ్య వాటికి బారెడు దూరంగా నడిచాడు. వరాలు సందుల్లోంచి తొంగి చూసింది. ఎక్కడ చూసినా పిల్లలే. ముళ్లపంది పంతులు "గాలి ఎటునుంచి?" అని అడుగుతుంటే ముప్పై గొంతులు ఒక్కసారే జవాబు చెబుతున్నాయి. గడ్డి మాత్రం తొక్కీ తొక్కీ, మేసీ మేసీ నేలకు అంటుకుపోయింది.

"చూశారా, బోడి నేల," అన్నాడు జంబయ్య.

"చూశాను," అంది వరాలు. దాని ప్రాణానికి ఎంతో హాయిగా ఉంది.

అక్కణ్నుంచి పచ్చికమిట్టకు తీసుకెళ్లాడు. గడ్డి వరాలు చెవుల దాకా ఉంది. ఒక్క పరకా కొరికిన గుర్తు లేదు. చడీచప్పుడు లేదు. నాలుగు బొరియలు ఖాళీగా ఉన్నాయి, అందులో ఒకదానికి మూడు గుమ్మాలు.

"మూడా?" అంది వరాలు.

"మూడు. మీ తోడికోడలికి రెండేగా."

"ఇరుగుపొరుగు ఎలాంటివాళ్లు?"

"నోరెత్తరమ్మా. ఇప్పుడైతే ఎవరూ లేరనుకోండి," అన్నాడు జంబయ్య. "ఎల్లుండి చేరిపోండి. పిల్లల్ని ముందు పంపితే నేను చూసుకుంటాను. సామాను మీరిద్దరూ నెమ్మదిగా తెచ్చుకోవచ్చు."

కొత్త ఇల్లు దొరికిన సంగతి మాణిక్యానికి చెప్పకపోతే ఇక ఆ ఇల్లెందుకు? మర్నాడు పొద్దున్నే వరాలు వెదురుపేటకు వెళ్లింది. మూడు గుమ్మాల గురించి రెండుసార్లు చెప్పింది. చెవుల దాకా పెరిగిన గడ్డి గురించి చెప్పేసరికి మాణిక్యం నమలడం ఆపేసింది.

"ఒక్క పరకా కొరికి లేదా?"

"లేదక్కా. అంతా మాకే."

మాణిక్యం నోట్లోని పరకను పక్కన పెట్టింది. తర్వాత, "పోనీలే, నాకో బెంగ తీరింది," అంది.

"నీకేం బెంగ?"

"మా పక్క బొరియ ఖాళీ అయింది. నువ్వెక్కడ అడుగుతావో అనుకున్నా. మా అక్క కూతురికి మాటిచ్చాను. రేపు మధ్యాహ్నం దిగుతుంది. అత్తగారు కూడా ఆ పిల్లని చూసి తెగ మురిసిపోతోంది, ఇకనుంచి దాని దగ్గరే ఉంటుందట."

"ఎన్ని గుమ్మాలు?"

"రెండే. గాలి మాత్రం మా ఇంటికన్నా ఎక్కువ. అయినా నీకెందుకులే, మీకు మిట్ట ఉందిగా."

వరాలుకు ఒళ్లంతా మండింది. సొంత తోడికోడలు వాగు నీళ్లలో నానుతుంటే అక్క కూతురికి ఇల్లా? అత్తగారు దాని దగ్గరా? తెల్లారేసరికి పిల్లల్ని, మొగుణ్ని, పరుపు గడ్డిని తీసుకొచ్చి ఆ బొరియలో దిగిపోయింది. గుమ్మానికి అడ్డంగా కూర్చుని, "ఇప్పుడు రమ్మను మీ అక్క కూతుర్ని," అంది.

"ఎంత పని చేశావే," అని మాణిక్యం మొహం మాడ్చుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆ మాడిన మొహం చూశాకే వరాలుకు ఇల్లు నచ్చింది.

అనుకున్న రోజున జంబయ్య మిట్ట మీద గడ్డిలో నక్కి పొద్దు వాలేదాకా మూడు గుమ్మాలూ కాపలా కాశాడు. ఎవరూ రాలేదు. ఆ పూట వాడు నిజంగానే రేగుపళ్లు తిన్నాడు.

వానలు మొదలయ్యాయి. ఒకనాడు వరాలు చిన్నపిల్ల బడి నుంచి వచ్చి, "అమ్మా, మేయని గడ్డి కనిపిస్తే వెనక్కి తిరిగి పరుగెత్తాలట. పంతులుగారు చెప్పారు," అంది.

"ఎందుకటే?"

"మేసేవాళ్లు ఉంటే గడ్డి అలా మిగలదు కదమ్మా."

ఖాళీ బొరియలు, నోరెత్తని ఇరుగుపొరుగు, పిల్లల్ని ముందు పంపమన్న మాట, అన్నీ వరాలుకు ఒక్కసారే గుర్తొచ్చాయి. లేచి మాణిక్యం ఇంటికి వెళ్లింది.

"అక్కా, మీ అక్క కూతురు ఎక్కడుంటోంది?"

"నాకు అక్కెక్కడుందే? మా అమ్మకి నేనొక్కదాన్నే ఆడపిల్లని, తక్కిన పదకొండు మందీ మగపిల్లలే. నీ పెళ్లినాడే చెప్పాను. మర్చిపోయావు."

"నిజమేదో అప్పుడే చెప్పొచ్చుగా."

"వద్దని చెబితే, నాకు కుళ్లని ఆ పూటే మిట్ట ఎక్కేదానివి."

వరాలు వెళ్లేముందు మాణిక్యం చెయ్యి పట్టుకుంది. గుమ్మం దాటుతూ ఒకసారి వెనక్కి చూసి, "అయినా నీ గుమ్మమే కాస్త వెడల్పు," అంది.

పిల్లల కోసం ఇల్లు వెతికేవాళ్లు తోడికోడలి గుమ్మాలు కాదు, వీధిలో పిల్లల అడుగులు చూసుకోవాలి.