చెంగి అడిగిన నీళ్లు

తునికిమాను అడవి పేరు మీరు వినే ఉండరు. వినకపోతే నష్టమేం లేదు, ఇప్పుడు వినండర్రా! ఆ అడవిలో దుప్పులు, కుందేళ్లు, కోతులు, ముళ్లపందులు, అడవికోళ్లు కాపురం ఉండేవి. కొండకు ఇవతల ఒక వాగు పారేది. కొండకు అవతల ఏనుగుల మడుగు ఉండేది. వాగు ఒడ్డున పిల్లలకు ఒక బడి ఉండేది.

ఆ బడిలో ఇద్దరు టీచర్లు. ఒకరు గోరింక పాపయ్య మాస్టారు, ఇంకొకరు ఉడుము ఓబులమ్మ టీచరు. ఇద్దరూ చెప్పేది జాతీయాలు, సామెతలే.

అడవిలో జంతువులకు జాతీయాలెందుకు అంటారా? ఎందుకేమిటి, వాటి నీళ్లే ఆ జాతీయాల మీద ఆధారపడి ఉంటేనూ! ఎండలు ముదిరితే వాగు ఎండిపోతుంది. అప్పుడు కొండ దాటి ఏనుగుల మడుగుకు వెళ్లి నీళ్లు అడగాలి. అడిగేది పెద్దలు కాదు, బడిపిల్లలు. అది ఆ అడవి ఆచారం.

ఏనుగుల మందకు పెద్ద నాంచారవ్వ. ఆమె పిల్లల మాటతీరు చూసి నీళ్లిచ్చేది. "మాటతీరు తెలియనివాడు మడుగునూ తొక్కి పాడుచేస్తాడు" అనేది. ఆ ఏడు ఉగాదికి ముందే ఆమె పెనిమిటి, ముసలి గజరాజు, కన్నుమూశాడు. ఏనుగులన్నీ కలిసి ఏడ్చిన ఏడుపు కొండకు ఇవతల కూడా వినిపించింది.

పాపయ్య మాస్టారికి వెయ్యి జాతీయాలు నోటికొచ్చు. ఆయన కొమ్మ మీద కూర్చుని ముక్కు పైకెత్తి చెప్పేవాడు. కింద పిల్లలు గొంతు చించుకుని అప్పజెప్పేవారు.

"నీరుగారిపోవడం అంటే?"

"అధైర్యపడటం!"

"తలలో నాలుక అంటే?"

"అందరికీ కావలసినవాడు!"

"భేష్! నా శిష్యులా మజాకా!" అని మాస్టారు రెక్కలు విదిలించేవాడు. ఆయన ముద్దుల శిష్యుడు కోతిపిల్ల కిట్టిగాడు. వాడు ఊపిరి తీసుకోకుండా వంద జాతీయాలు ఏకరువు పెట్టేవాడు. ఏ ఒక్కటీ ఎక్కడ వాడాలో మాత్రం వాడికి తెలియదు, మాస్టారూ చెప్పలేదు.

ఇక ఓబులమ్మ టీచరు పాఠం ఉందే, అది చూసి తీరాలి! ఉడుంపట్టు గురించి చెప్పాలంటే ఆమె ఒక బండను కరుచుకుని, "లాగండర్రా నన్ను!" అనేది. పిల్లలంతా తోక పట్టుకుని లాగేవారు. లాగి లాగి వెల్లకిలా పడేవారు. ఆమె మాత్రం ఇసుమంత కదిలేది కాదు.

ఒకరోజు కప్పల తక్కెడ పాఠం. రెండు టేకాకులను తీగతో కట్టి తక్కెడ చేసింది. "ఒక్కో ఆకులో నాలుగేసి కప్పల్ని పెట్టి తూచండి" అంది. పిల్లలు మూడో కప్పను పెట్టేలోగా మొదటిది గెంతింది. దాన్ని పట్టుకునేలోగా మిగతావి గెంతాయి. కుందేలుపిల్ల పడీ పడీ నవ్వింది. దుప్పిపిల్ల చెంగి చెవులకు బురద అంటుకుంది.

"కుదురులేని గుంపును కప్పల తక్కెడ అని ఎందుకంటారో తెలిసిందా?" అంది టీచరు. "తెలిసింది టీచర్!" అని అరిచారు పిల్లలు. ఆమె అక్కడితో వదలలేదు. "మరి ఈ మాట ఎప్పుడు అనాలి? ఎవరి ముందు అనకూడదు?"

చెంగి మెల్లగా చెయ్యెత్తింది. "కప్పల ముందు అనకూడదు టీచర్. పాపం, వాటికి కష్టంగా ఉంటుంది."

ఓబులమ్మ టీచరు ముఖం వెలిగిపోయింది. "నా తల్లే! నేను చెప్పాల్సింది నువ్వే చెప్పేశావు" అంది. ఇలా చెప్పే టీచరు ఎన్ని బళ్లు వెతికితే దొరుకుతుంది చెప్పండి!

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. వాగులో ఇసుక తప్ప ఏమీ మిగల్లేదు. నీళ్లడగడానికి ఎవరు వెళ్లాలని బడిలో మాట వచ్చింది.

"ఎవరేమిటి? నా కిట్టిగాడే!" అన్నాడు పాపయ్య మాస్టారు. "కప్పలతో ఆడుకునే పిల్లలు ఏనుగుల ముందు ఏం మాట్లాడతారు?"

ఓబులమ్మ టీచరు, "మాస్టారూ, నాంచారవ్వ దుఃఖంలో ఉంది. మాట కాస్త చూసి..." అనబోయింది. మాస్టారు వింటేగా! కిట్టిగాణ్ణి వెంటబెట్టుకుని కొండ దాటాడు.

నాంచారవ్వ మర్యాదగానే పలకరించింది. "రా నాయనా, ఏం పని మీద వచ్చావు?"

మాస్టారు కిట్టిగాడి చెవిలో ఊదాడు. "ఏనుగు మీద మంచి సామెత అందుకోరా! పొగిడితే పొంగిపోతుంది."

కిట్టిగాడు ఛాతీ విరుచుకుని అందుకున్నాడు. "అవ్వా! ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే!"

అది గొప్పవాళ్లను మెచ్చుకునే సామెతే, కాదనను. కానీ పెనిమిటిని పోగొట్టుకున్న ఇల్లాలి ముందు అనాల్సిన మాటేనా అది? నాంచారవ్వ తొండం దించేసి వెనక్కి తిరిగింది. ఆమె కొడుకులు పెద్ద పెద్ద మానులు దొర్లించి దారికి అడ్డంగా వేశారు.

"పొండి. ఈ ఏడు మీకు నీళ్లు లేవు" అన్నారు.

కిట్టిగాడు ఏడుపు ముఖం పెట్టాడు. తిరిగొచ్చాక మాస్టారు మాత్రం తగ్గలేదు. "ఆ మోటు ఏనుగులకు సామెత విలువేం తెలుసు!" అని కొమ్మెక్కి కూర్చున్నాడు.

నాలుగు రోజుల్లో అడవి గొంతెండిపోయింది. అందరికంటే చెంగి ఇంట్లో కష్టం ఎక్కువ. వాళ్ల అమ్మ అప్పుడే ఈనింది. నీళ్లు లేక ఆమెకు పాలు ఇంకిపోయాయి. పుట్టిన తమ్ముడు లేచి నిలబడటం మానేశాడు. చెంగి వాడి ముక్కు నాకి చూసింది. ముక్కు పొడిగా ఉంది. దాని గుండె చెరువైంది.

చెంగి పరుగున ఓబులమ్మ టీచరు దగ్గరికి వెళ్లింది. "టీచర్, నేను వెళ్లి అడుగుతాను. ఏం మాట్లాడాలో నేర్పండి."

"అది నేనెలా చెప్పగలను తల్లీ?" అంది టీచరు. "ముందు ఆమె ముఖం చూడు. ఆ తరవాత నీ నోటికి ఏ మాట వస్తే అది అను. రాకపోతే ఊరుకో. పద, నేనూ వస్తాను."

ఇద్దరూ కొండ దాటారు. మానుల అడ్డు ఇవతలే టీచరు ఆగిపోయింది. చెంగి ఒక్కతే సందులోంచి లోపలికి దూరింది. గున్న ఏనుగులు తొండాలు చాచి అడ్డుకోబోయినా వాటి కింద నుంచి దూరి వెళ్లింది. నాంచారవ్వ చూసి కూడా పలకరించలేదు. ఆమె ఒక మద్దిమానుకు ఆనుకుని నిలబడి ఉంది.

చెంగి ఆ మానును చూసింది. మాను మొదలు దగ్గర కాదు, చాలా ఎత్తున బెరడు అరిగి నున్నగా ఉంది. నాంచారవ్వ వీపు కూడా అంత ఎత్తు అందదు. చెంగికి విషయం తెలిసిపోయింది.

"అవ్వా, తాత ఇక్కడే ఒళ్లు రుద్దుకునేవాడా?"

నాంచారవ్వ తల తిప్పింది. "అవును బిడ్డా. రోజూ ఇక్కడే."

"కొండంత అండ పోయింది కదా అవ్వా నీకు."

నాంచారవ్వ కళ్ల వెంట నీళ్లు జలజలా కారాయి. ఆయన పోయిన నాటి నుంచి ఎందరో వచ్చారు, ఏవేవో అన్నారు. ఈ మాట మాత్రం సూటిగా ఆమె గుండెకు తగిలింది. ఆమె గజరాజు కబుర్లు చెప్పుకుంటూ పోయింది. ఆయన వెలగపండ్లంటే పడి చచ్చేవాడట. ఉరుము వినిపిస్తే చిన్నపిల్లాడిలా ఆమె పక్కన చేరేవాడట. చెంగి నాలుక పిడచగట్టుకుపోతోంది. అయినా కదలకుండా అన్నీ విన్నది.

చివరికి నాంచారవ్వ కళ్లు తుడుచుకుంది. "నా గోలలో పడి నిన్ను అడగనే లేదు. ఎందుకొచ్చావు బిడ్డా?"

"మా అమ్మకు పాలు లేవు అవ్వా. తమ్ముడు లేవడం లేదు. వాడికి దాహం."

చూశారా! ఇక్కడ చెంగి జాతీయం జోలికే పోలేదు. ఎక్కడ వాడాలో నేర్పిన టీచరే ఎక్కడ ఆపాలో కూడా నేర్పింది మరి. ఆ ఓబులమ్మ టీచరుకు చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది నాకు.

"అయ్యో, నా తల్లీ! ముందే చెప్పకపోయావా!" అంటూ నాంచారవ్వ మడుగులోకి దిగింది. తొండం నిండా నీళ్లు పీల్చుకుంది. కొడుకులు పరుగెత్తి మానులను పక్కకు దొర్లించారు. అంత పెద్ద ఏనుగు కొండ దాటి, తానే నడిచి దుప్పి గుడిసెకు వచ్చింది. తల్లి నోటికి నీళ్లందించింది. బిడ్డ నోట్లో చుక్క చుక్కగా పోసింది. సాయంత్రానికి తల్లికి పాలు పడ్డాయి. బిడ్డ తడబడుతూ లేచి పొదుగు వెతుక్కున్నాడు. చెంగి ఏడుస్తూనే గంతులేసింది.

మర్నాటి నుంచి అడవి అంతా మడుగులో తాగింది. నాంచారవ్వ తన మనవళ్లను కూడా ఓబులమ్మ టీచరు బడిలో చేర్చింది. కిట్టిగాడు వాళ్ల కంటే ముందే వచ్చి కూర్చున్నాడు. పాపయ్య మాస్టారి కొమ్మ కింద ఎవరూ మిగల్లేదు. కొన్నాళ్లు ఆయన ఖాళీ నేలకే పాఠం చెప్పాడు.

ఆయన మడుగుకు కూడా వెళ్లలేదు. ముఖం చెల్లలేదు. అడవిపండ్లు పొడుచుకుని గొంతు తడుపుకున్నాడు. అవీ చాలక, ఒక పొద్దున ఆయనే ఎగిరి వెళ్లి నాంచారవ్వ ముందు వాలాడు. క్షమాపణకు మంచి జాతీయం కోసం వెతికాడు. వెయ్యింటిలో ఏదీ పనికొచ్చేలా కనిపించలేదు.

"తప్పయింది నాంచారమ్మా" అన్నాడు చివరికి.

నాంచారవ్వ ఆయన ముందు తొండంతో కాసిని నీళ్లు పోసింది. "ఈ మాట బాగుంది మాస్టారూ. తాగండి" అంది.

నీతి: మాటకు అర్థం తెలిస్తే చాలదు, ఎదుటివారి మనసు తెలుసుకుని మాట్లాడాలి.